ఎస్టేట్ సేల్‌లో పాత లయనెల్ బొమ్మ రైలు దొరికింది: ప్లగ్గు పెట్టొచ్చా, కడగొచ్చా?

కాకినాడ_కాజా (ఎడిసన్, న్యూజెర్సీ) – శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీ పోస్టులు చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ మీ సాయం కావాలి.

మా వెనక వీధిలో ఒక పెద్దాయన పోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి ఎస్టేట్ సేల్ పెట్టారు. నిచ్చెన దొరికితే తెచ్చుకుందామని వెళ్లాను. బేస్‌మెంట్‌లో మెట్ల కింద ఒక పెద్ద అట్టపెట్టె, దాని మీద పాత దుప్పటి. తీసి చూస్తే లోపల నారింజ, నీలం రంగుల చిన్న డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో బోగీ. పట్టాలు వార్తాపత్రికలో చుట్టి ఉన్నాయి, పత్రిక మీద తేదీ 1961 జనవరి. 140 డాలర్లు అన్నారు. బేరం ఆడబుద్ధి కాలేదు, ఇచ్చేశాను.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. నల్లటి ఆవిరి ఇంజన్, డ్రైవరు కిటికీ కింద తెల్ల అంకెల్లో 2037. దాని వెనక బొగ్గు పెట్టె, మీద 6026డబ్ల్యూ. తెల్లటి పాల బోగీ ఒకటి, డబ్బా మీద 3482. ఒక టాపులేని బోగీ, చివర ఎర్రటి గార్డు పెట్టె. 1033 నంబరు ట్రాన్స్‌ఫార్మర్. గుండ్రంగా వంగిన పట్టాలు ఎనిమిది, తిన్నవి ఆరు, తీగలున్న పట్టా ఒకటి. పాల బోగీతో వచ్చే చిన్న ఇనప స్టాండు ఉంది, పాల క్యాన్లు మాత్రం లేవు. ఆ డబ్బా అడుగున పెన్సిల్‌తో, పిల్లల రాతలో, ‘నాది, ముట్టుకోవద్దు’ అని ఇంగ్లీషులో రాసి ఉంది.

మా ఆవిడ అన్నీ సబ్బు నీళ్లలో నానబెడదామంటోంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఇప్పుడే నడపాలని గొడవ. నాకేమో ఏం చేస్తే ఏం పాడవుతుందో అని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

మూడోపట్టా (హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా) – శనివారం, రాత్రి 11:15

కాజా గారూ, ముందు ఆ ప్లగ్గు గోడ దగ్గర నుంచి దూరంగా పెట్టండి. నీళ్ల బకెట్టు కూడా. ఈ రాత్రికి ఏమీ చేయకండి, చూసుకోండి చాలు.

మీకు దొరికింది 1950ల నడుమ నుంచి చాలా ఇళ్లల్లో క్రిస్మస్ చెట్టు కింద తిరిగిన ఇంజన్. కంపెనీ మొదలైంది 1900లో, న్యూయార్క్‌లో. జోషువా లయనెల్ కోవెన్ అనే కుర్రాడు షాపు కిటికీలో జనాన్ని ఆకట్టుకోవడానికి కరెంటుతో నడిచే చిన్న చెక్క బండి చేసి ఇస్తే, వచ్చినవాళ్లు సరుకు మానేసి ఆ బండినే అమ్మమన్నారట. అక్కడి నుంచి 1950ల మొదటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మల కంపెనీ అయింది. ఫ్యాక్టరీ మీకు దగ్గర్లోనే ఉండేది, ఇర్వింగ్టన్‌లో. అంటే ఆ రైలు తయారైన చోటికి ఇరవై మైళ్ల లోపే ఇంకా ఉంది.

పట్టాలు చూడండి, మూడుంటాయి. నడిమి పట్టాలో కరెంటు వస్తుంది, పక్క రెండింటి గుండా వెనక్కి పోతుంది. అసలు రైళ్లకు నడిమి పట్టా ఉండదు కదా అని పోటీ కంపెనీ అమెరికన్ ఫ్లయర్ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండు పట్టాలే పెట్టారు. చూడ్డానికి అదే అందం. కానీ మూడు పట్టాలతో లైను ఎలా తిప్పినా, మెలికేసి మళ్లీ అదే లైనులో కలిపినా షార్ట్ కాదు. పిల్లలు నేల మీద ఇష్టమొచ్చినట్టు పరుచుకోవచ్చు. నా పేరు అందుకే ఇది.

పాల బోగీ తలుపు పక్కన చిన్న అక్షరాల్లో ఆర్‌టీ 3482 అని ఉందా, ఆర్‌టీ 3472 అని ఉందా చూసి చెప్పండి. మొదట్లో కొన్నింటి మీద పాత బోగీ నంబరే అచ్చయింది. మీది అదైతే కొంచెం అరుదు.

డబ్బాలు మాత్రం పారేయకండి. ఒక్క మూత కూడా.

ట్రాన్స్‌ఫార్మర్_తాత (హైదరాబాద్) – ఆదివారం, ఉదయం 9:20

బాబూ, నేను ముప్పై నాలుగేళ్లు కరెంటు పనిలోనే గడిపాను. మూడోపట్టా గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ తీగ చూడకుండా ప్లగ్గు పెట్టవద్దు.

ఆ కాలపు తీగల పైతొడుగు రబ్బరు. డెబ్బై ఏళ్లకు అది బిస్కెట్టులా అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయటికొచ్చే చోట, ప్లగ్గు మెడ దగ్గర మెల్లగా వంచి చూడు. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా, లోపల రాగి మెరిసినా అక్కడితో ఆపు. తీగ మార్పించాకే మిగతా సంగతి. టేపు చుట్టి సర్దుకుందామనుకోవద్దు. పట్టాల్లో పారేది పద్దెనిమిది వోల్టుల లోపే, అమ్మాయి ముట్టుకున్నా ప్రమాదం లేదు. ప్రమాదమంతా గోడకూ ఆ పెట్టెకూ మధ్య తీగలోనే.

ఇండియా తెచ్చుకునే వాళ్ల కోసం కూడా ఒక మాట. మా మేనల్లుడు చికాగో నుంచి ఇలాంటిదే తెచ్చాడు. 230 వోల్టులను 110కి దించే కన్వర్టర్ కొన్నాడు, సరిపోతుందనుకున్నాడు. అరగంటకు పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. కారణం ఏమంటే, కన్వర్టర్ వోల్టేజీ దించుతుంది కానీ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మారుతూ తిరుగుతుందో ఆ సైకిళ్లు (హెర్ట్జ్) మార్చదు. అమెరికాలో 60, మనకు 50. అరవైకి కట్టిన చుట్టకు యాభై ఇస్తే అదే వోల్టేజీ దగ్గర లోపలి ఇనుము మీద అయస్కాంత భారం ఐదో వంతు పెరుగుతుంది, వేడెక్కుతుంది. వోల్టేజీని కావాల్సినంతకు తిప్పుకునే వేరియాక్ పెట్టి 95 వోల్టుల దగ్గర ఆపించాను. ఇప్పుడు గంట ఆడినా గోరువెచ్చగానే ఉంటుంది. వేగం కాస్త తగ్గింది, అంతే.

కాకినాడ_కాజా – ఆదివారం, మధ్యాహ్నం 1:05

తాతగారూ, మీ మాట విని చూశాను. ప్లగ్గు మెడ దగ్గర వంచగానే నల్ల పెంకు ఒకటి ఊడి టేబుల్ మీద పడింది, లోపల రాగి కనిపించింది. రాత్రే పెట్టేసి ఉంటే ఏమయ్యేదో. మా ఆఫీసులో ఒకాయన రేపు తీగ మార్చి ఇస్తానన్నారు.

పాల బోగీ మీద ఆర్‌టీ 3482 అనే ఉంది.

ఇంకో ప్రశ్న. పట్టాలు తుప్పు పట్టాయి. స్టీల్ ఊల్‌తో (సన్నటి ఇనప పీచు) రుద్దొచ్చా?

మూడోపట్టా – ఆదివారం, మధ్యాహ్నం 1:30

వద్దండీ! స్టీల్ ఊల్ అస్సలు వద్దు.

1950 నుంచి లయనెల్ వాళ్లు ఇంజన్లలో అయస్కాంతాలు పెట్టారు. ఇనప పట్టాను చక్రం పట్టుకుని ఉంటుంది, ఎక్కువ బోగీలు లాగుతుంది, మలుపులో పడిపోదు. మీ 2037లోనూ ఉంది. (1952లో మాత్రం కొన్ని ఇంజన్లకు తీసేశారు. కొరియా యుద్ధం వల్ల ఆ అయస్కాంతాలకు కావాల్సిన లోహాలు కరువయ్యాయి. నంబరు చూసి సంవత్సరం చెప్పే వాళ్లకు అదొక గుర్తు.) స్టీల్ ఊల్ నూగు పట్టా మీద మిగిలితే ఆ చక్రాలు లాక్కుంటాయి, మోటారులోకి పోతుంది, షార్ట్ అవుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్ ప్యాడ్‌తో మెల్లగా రుద్ది, తర్వాత గుడ్డ మీద కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి. పట్టాల దాకే ఆల్కహాల్. బోగీల మీద అక్షరాలకు తగిలిందా, గుడ్డకు వచ్చేస్తాయి. నేను ఒక గార్డు పెట్టె మీద నంబరు అలా పోగొట్టుకున్నాను, పదిహేనేళ్లయింది, ఆ బోగీని చూసినప్పుడల్లా బాధే.

బోగీల ప్లాస్టిక్ పైభాగానికి గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు. ఇంజన్‌ను పొడి బ్రష్‌తో దులపండి. నానబెట్టడం అనే మాటే వద్దు. ఇరుసులు తిరిగే చోట కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క. చుక్క అంటే అగ్గిపుల్ల కొనతో పెట్టినంత. పళ్ల చక్రాలకు కాస్త గ్రీజు.

మట్టిలారీ (మినియాపొలిస్) – ఆదివారం, సాయంత్రం 4:50

అన్నలూ, కొంచెం వేరే మాట చెబుతాను, కోప్పడకండి. మరీ అంత భయభక్తులు అవసరమా?

నేనుండేది టోంకా లారీలు పుట్టిన ఊరికి పక్కనే. మౌండ్ అని, మిన్నెటోంకా సరస్సు ఒడ్డున. 1946లో తోటపని సామాను చేద్దామని పెట్టిన కంపెనీ, మరుసటి ఏడాదికే బొమ్మల్లోకి దిగింది. సరస్సు పేరులోంచే ‘టోంకా’ తీసుకున్నారు. 1960ల నడుమ వచ్చిన పెద్ద పసుపు డంప్ లారీ అందరికీ తెలిసిందే. నిజమైన స్టీలు రేకు. పిల్లాడు అందులో కూర్చుని వాలు మీద జారినా వంగదు.

రెండేళ్ల కింద ఒక గరాజ్ సేల్‌లో అలాంటి లారీ ఆరు డాలర్లకు దొరికింది. సగం తుప్పు. మా వాడూ నేనూ కలిసి విప్పి, మొత్తం గీకి, పసుపు రంగు కొట్టి, కొత్త స్టిక్కర్లు అంటించాం. ఇప్పుడు వాడు రోజూ ఇసుకలో తోలుతాడు. కలెక్టర్లు చూస్తే ‘పాడు చేశావు’ అంటారు. ఆ లారీలు లక్షల్లో తయారయ్యాయి. బేస్‌మెంట్లో తుప్పు పడుతూ ఉండే కన్నా ఇది మేలు కాదా? బొమ్మ ఉన్నది ఆడుకోవడానికే కదా.

పోనీటెయిల్_పద్మ (డాలస్) – ఆదివారం, రాత్రి 8:10

మట్టిలారీ తమ్ముడూ, నీ లారీ విషయంలో నువ్వు చేసింది నాకు తప్పనిపించలేదు. ఆడుకోవాలి అన్న దాంట్లో గొడవే లేదు. తెలుసుకోకముందే గీకేయడం గురించే నా బాధ. గీకేశాక అందులో ఏముండేదో ఎవరికీ తెలియదు.

నేను పాత బార్బీలు సేకరిస్తాను. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల సంతలో మొదటిసారి చూపించారు, మూడు డాలర్లు. ఆ మొదటి బ్యాచ్ బొమ్మను గుర్తుపట్టేది ముఖం చూసి కాదు, అరికాలు చూసి. పాదాల్లో రంధ్రాలుంటాయి, లోపల రాగి గొట్టాలు. స్టాండుకున్న రెండు కమ్ములు ఆ గొట్టాల్లోకి దిగేవి. తర్వాతి వాటికి స్టాండు మారింది, రంధ్రాలు పోయాయి. ఎవరైనా ‘కాళ్లకు చిల్లులున్నాయి’ అని మైనం పెట్టి పూడ్చేశారనుకో, చరిత్ర మొత్తం పూడ్చేసినట్టే.

నాకు జరిగింది చెబుతాను. ఆన్‌లైన్‌లో ఒకరు ‘1966 నాటి బార్బీ’ అని అమ్మితే 90 డాలర్లు పెట్టి కొన్నాను. నడుం కింద 1966 అని అచ్చు కూడా ఉంది. ఇంటికొచ్చాక జుట్టు చూస్తే అనుమానం వచ్చింది. తీరా అది 1980ల బొమ్మ. ఆ అచ్చు ఆ ఒంటి డిజైన్‌కు కాపీరైట్ తీసుకున్న ఏడాది. నడుం తిరిగే ఆ ఒళ్లు 1990ల దాకా వాడారు, అన్నింటి మీదా 1966 అనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇక్కడే దెబ్బతింటారు. దయచేసి ఒంటి మీద అంకెను పుట్టిన ఏడాది అనుకోకండి. తల రిమ్ము (మెడ దగ్గరి అంచు), ఏ దేశంలో తయారైందో ఆ ముద్ర, కనురెప్పలు, కాళ్లు, అన్నీ కలిపి చూడాలి.

ఇంకోటి, ఆకుపచ్చ చెవి. పాత బార్బీల చెవి కమ్మలకు లోహపు కాడలుంటాయి. ఏళ్ల తరబడి ఆ లోహం బొమ్మ వినైల్ ప్లాస్టిక్‌లోకి ఊరి, చెవి చుట్టూ పచ్చగా పాకుతుంది, బుగ్గ దాకా వస్తుంది. నా దగ్గరున్న 1962 బొమ్మకు ఎడమ చెవి కింద చింతాకంత పచ్చ మచ్చ. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము ఆ మచ్చ మీద మాత్రం అద్ది, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, రోజుల తరబడి చూసుకుంటూ ఉండాలి. తొందరపడి ఎక్కువ రాస్తే పచ్చ పోయి, అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది. నేను సగం తగ్గాక ఆపేశాను. మిగిలిన పచ్చదనం అలాగే ఉంది. కమ్మలు మాత్రం తీసి చిన్న కవర్‌లో వేరుగా పెట్టాను, బొమ్మ పక్కనే.

చిన్నోడి_అమ్మ (కొలంబస్, ఒహాయో) – సోమవారం, ఉదయం 7:35

ఇది చదువుతుంటే ఒక భయం పట్టుకుంది. మా అత్తగారి పక్కింటావిడ మా బాబుకు (రెండున్నరేళ్లు) 1950ల నాటి చెక్క బొమ్మలు, రేకు బొమ్మలు ఒక బుట్ట ఇచ్చారు. వాడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు. పాత రంగుల్లో సీసం ఉంటుందంటారు, నిజమేనా?

మూడోపట్టా – సోమవారం, ఉదయం 8:00

నిజమేనమ్మా. ఇప్పుడే ఆ బుట్ట తీసి వాడికి అందనంత ఎత్తులో పెట్టండి.

అమెరికాలో పిల్లల బొమ్మల రంగులో సీసం మీద దేశమంతటికీ కట్టడి వచ్చింది 1978లో. 2009లో ఇంకా బిగించారు, పది లక్షల పాళ్లలో తొంభైకి మించకూడదు. 1978కి ముందువి ఎంత ముద్దుగా ఉన్నా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు. రేకు బొమ్మల అంచులు కూడా బ్లేడులా ఉంటాయి. ఇప్పటికే నోట్లో పెట్టుకుని ఉంటే పిల్లల డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి, మామూలుగా చేసేదే.

మట్టిలారీ తమ్ముడూ, నీకూ ఇదే చెప్పాలి. లారీకి రంగేసినందుకు నాకు అభ్యంతరం లేదు, కానీ పాత రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. పిల్లాణ్ని పక్కన పెట్టుకుని ఆ పని మళ్లీ చేయొద్దు.

మట్టిలారీ – సోమవారం, ఉదయం 8:25

ఈ సంగతి నాకు తెలియదన్నా. మాస్కు కూడా పెట్టుకోలేదు. ఈ వారమే ఇద్దరం పరీక్ష చేయించుకుంటాం. చెప్పినందుకు థ్యాంక్స్.

చిన్నోడి_అమ్మ – సోమవారం, ఉదయం 8:40

బుట్ట అటక మీదకు ఎక్కించాను. డాక్టరు అపాయింట్‌మెంట్ గురువారం. మీ ఋణం ఉంచుకోనండీ.

గుంటూరు_జో (హైదరాబాద్) – సోమవారం, రాత్రి 9:30

అమెరికన్ బొమ్మలు అమెరికాలోనే దొరుకుతాయి అనుకునే వాళ్ల కోసం మన వైపు నుంచి ఒక కథ.

జీఐ జో 1964లో పన్నెండు అంగుళాల సైనికుడి బొమ్మగా మొదలైంది. మగపిల్లలు ‘డాల్’ అంటే కొనరని తయారుచేసిన హాస్‌బ్రో కంపెనీ వాళ్లు దానికి ‘యాక్షన్ ఫిగర్’ అని పేరు పెట్టారు. 1982లో మూడు ముప్పావు అంగుళాలకు కుదించారు. ఆ చిన్న సైజు అచ్చులే తర్వాత మన దేశానికి వచ్చాయి. ఎంఆర్ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీ పెట్టాయి కదా. 90ల్లో గుంటూరులో పెరిగిన మాకు జీఐ జో అంటే అదే. అక్కడ ముదురు ఆకుపచ్చలో వచ్చిన సైనికుడు ఇక్కడ నీలమో పసుపో అయి వచ్చేవాడు. ఒకడి చేతులు ఇంకొకడికి వచ్చేవి. అప్పట్లో మాకు తేడా తెలియదు. ఇవాళ అమెరికాలో కలెక్టర్లు సరిగ్గా ఆ రంగుల కోసమే వెతుకుతున్నారు. కార్లదీ అదే కథ. హాట్ వీల్స్ 1968లో పదహారు కార్లతో మొదలైంది. 80ల చివర నుంచి లియో మాటెల్ పేరుతో ఇక్కడ తయారైనవి రంగులు వేరుగా ఉండటం వల్లే అక్కడ గిరాకీ.

పోయిన దసరాకు మా ఇంటికెళ్లినప్పుడు అమ్మ ఇనప్పెట్టె తీస్తే అందులో నావి పదకొండు దొరికాయి. చేతిలోకి తీసుకుంటే నడుం దగ్గర రెండు ముక్కలై కాళ్లు జారిపోయాయి. ఏడుపొచ్చినంత పనైంది. తీరా తెలిసింది, విరిగింది బొమ్మ కాదు. లోపల ఒక నల్ల రబ్బరు రింగు ఉంటుంది. కాళ్లను కలిపే ఇనప కొక్కేన్ని పట్టుకుని, నడుం గుండా పైకి సాగి, ఛాతీ లోపలి కడ్డీకి తగులుకుంటుంది. ముప్పై ఏళ్లకు అది తెగుతుంది. వీపు మీద ఒకే ఒక స్క్రూ. విప్పి, సరిపడే కొత్త రింగు వేసి, బిగిస్తే నిలబడిపోయాడు. స్క్రూ మరీ బిగించకూడదు, భుజం చీలుతుంది. బొటనవేళ్లు కూడా పెళుసు. తుపాకీ పట్టించేటప్పుడు మోచేయి వంచి, తుపాకీని వేళ్ల మధ్యకు జార్చాలి, గుచ్చకూడదు.

పదకొండింట్లో తొమ్మిది నిలబడ్డాయి. అమ్మకానికి కావు. ఇప్పటికే ఇద్దరు అడిగారు.

కాకినాడ_కాజా – మంగళవారం, రాత్రి 9:10

తీగ మారింది! ఇంజన్‌ను పట్టాల మీద పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ పిడి తిప్పాను. ముందు లైటు వెలిగింది. మా అమ్మాయి అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది. కానీ ఇంజన్ కదలడం లేదు. లోపల తేనెటీగ ఉన్నట్టు గుర్రుమంటోంది, అంతే. చేత్తో తోస్తే జరుగుతోంది. కాలిపోయిందా? ఆపేశాను, భయమేసి.

మూడోపట్టా – మంగళవారం, రాత్రి 9:18

కాలిపోలేదు! మీ ఇంజన్ న్యూట్రల్‌లో ఉంది, బంగారంలా ఉంది.

అందులో ఒక చిన్న తీగచుట్ట, పళ్ల డ్రమ్ము ఉంటాయి. కరెంటు ఆగి వచ్చిన ప్రతిసారీ డ్రమ్ము ఒక మెట్టు తిరుగుతుంది. ముందుకు, ఆగు, వెనక్కి, ఆగు, మళ్లీ ముందుకు. ఆ గుర్రు దాని గొంతే. పిడిని పూర్తిగా సున్నాకు తెచ్చి మళ్లీ తిప్పండి, కదులుతుంది. కదలకపోతే ఇంజన్ వీపు మీద సన్నటి చీలికలోంచి ఒక మీట బయటికి వచ్చి ఉంటుంది, అది ఆ డ్రమ్మును ఆపేసే మీట. రెండో వైపుకు జరపండి.

కాకినాడ_కాజా – మంగళవారం, రాత్రి 9:52

తిరుగుతోంది!!

మీట జరిపితే కదిలింది. మొదటి రెండు చుట్లు కుంటుతూ, ఆగుతూ, మూడో చుట్టుకు దౌడు. వేడి నూనె, కరెంటు మెరుపు కలిసిన వాసన ఒకటి ఇల్లంతా పట్టింది. కూత కూడా వచ్చింది! ట్రాన్స్‌ఫార్మర్ మీద మీట నొక్కితే బొగ్గు పెట్టె లోంచి కూస్తోంది, సామర్లకోట స్టేషన్లో చిన్నప్పుడు విన్న కూతలా. అది ఎలా కూస్తోంది, పట్టాల్లో వేరే తీగ ఏమీ లేదు కదా? పొగ మాత్రం రావడం లేదు.

మా అమ్మాయి గంటన్నర లేవలేదు. నేల మీద పడుకుని, చక్రాలు కంటికి ఎదురుగా వచ్చేలా తల పెట్టి చూస్తోంది.

ట్రాన్స్‌ఫార్మర్_తాత – బుధవారం, ఉదయం 8:05

చాలా సంతోషం బాబూ. కూత సంగతి నేను చెబుతాను. రైలు నడిచేది ఏసీ, అంటే దిశ మారుతూ పారే కరెంటు మీద. కూత మీట నొక్కినప్పుడు ఆ ఏసీలోకి కాస్త డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు కలుస్తుంది. బొగ్గు పెట్టెలో ఉన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఏసీకి పలకదు, డీసీ తగిలితే మూసుకుంటుంది, లోపలి చిన్న ఫ్యాను తిరిగి గాలిని ఊదుతుంది. వేరే తీగ లేకుండా అవే పట్టాల మీద రెండో సంకేతం పంపారు. అప్పటి ఆలోచనకు దండం పెట్టాలి.

మూడోపట్టా – బుధవారం, ఉదయం 9:40

పొగకు అప్పట్లో చిన్న మాత్రలు వచ్చేవి, గొట్టంలో ఒకటి వేస్తే లోపలి వేడి తీగ మీద కరిగి పొగ వచ్చేది. మీ దాంట్లో పాత మాత్ర గడ్డకట్టి ఉంటుంది. గుచ్చకండి, తీగ వెంట్రుకంత సన్నం. అది తర్వాత, నేనే చూపిస్తాను.

మీ అమ్మాయి గురించి చదివాక ఒకటి చెప్పాలనిపించింది. 1957లో లయనెల్ వాళ్లు ఆడపిల్లల కోసమని ఒక రైలు తెచ్చారు. ఇంజన్ సరిగ్గా మీదే, అదే 2037. కాకపోతే లేత గులాబీ రంగు. వెనక బోగీలు లిలాక్ (లేత ఊదా), లేత పసుపు, లేత నీలం. అది అమ్ముడుపోలేదు. రైలు కావాలనుకున్న ఆడపిల్లకు అసలు రైలులా నల్లగా ఉన్నదే కావాలి, మీ అమ్మాయిలా. అమ్ముడుపోలేదు కాబట్టే మిగిలినవి తక్కువ, మిగిలినవి తక్కువ కాబట్టే ఇప్పుడు కలెక్టర్లు వెంటపడతారు. 1991లో కంపెనీయే మళ్లీ విడుదల చేసింది. నల్ల ఇంజన్లకు గులాబీ రంగు కొట్టి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. నా స్నేహితుడొకడు ఒక ప్రదర్శనలో అలాంటిది కొన్నాడు. స్క్రూ విప్పబోతే స్క్రూ తల మీద కూడా గులాబీ రంగే. ఫ్యాక్టరీలో రంగు ఆరాక కదా స్క్రూ బిగించేది.

మీ సెట్టు విలువ ఎంత అని మీరు అడగలేదు, అందుకే మీ మీద నాకు గౌరవం. అడిగేవాళ్ల కోసం: 2037 చాలా తయారైంది, దొరుకుతూనే ఉంటుంది. మీరిచ్చిన 140 న్యాయమైన ధర. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టిన రేటు చూడకండి, నిజంగా అమ్ముడైన రేటు చూడండి. ఈ రైళ్లతో పెరిగిన తరం వెళ్లిపోతోంది, మామూలు సెట్ల ధరలు ఇరవై ఏళ్ల కింద ఉన్నట్టు లేవు. డబ్బాలున్నాయి కాబట్టి మీది ఒక మెట్టు పైనే. ఆ అట్ట డబ్బాలను పిల్లలు మొదటి రోజే చింపేసేవారు. కంపెనీ అట్టతోనే రైలు చేసిన సందర్భమూ ఉంది. యుద్ధంలో లోహం దొరకక 1942లో బొమ్మలు ఆపేసి, నౌకాదళానికి దిక్సూచులు చేస్తూ, 1943లో కత్తిరించి అతికించుకునే కాగితం రైలు అమ్మారు. అతికించడం పెద్దవాళ్ల వల్లే అయ్యేది కాదట. నేను ఒక్కటే చూశాను, మా పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్‌లో. ఆ ఊళ్లో బొమ్మ రైళ్ల మ్యూజియం ఉంది, అమ్మాయిని తప్పకుండా తీసుకురండి. ఏప్రిల్లో, అక్టోబర్లో మా రాష్ట్రంలోనే యార్క్‌లో బొమ్మ రైళ్ల సంత జరుగుతుంది. హాళ్ల నిండా టేబుళ్లు, స్క్రూ దగ్గర నుంచి ఇంజను దాకా దొరకనిది లేదు. పాల క్యాన్లు కూడా. కొత్తగా చేసినవే, కానీ కొలత అదే.

పోనీటెయిల్_పద్మ – బుధవారం, మధ్యాహ్నం 12:20

కాజా గారూ, ఆ పెన్సిల్ రాత ఉంది చూశారా, దాన్ని మాత్రం రబ్బరుతో చెరపొద్దు. కొందరు కలెక్టర్లు డబ్బా మీద రాతలుంటే విలువ తగ్గిందంటారు. నా వరకు మాత్రం ఆ సెట్టులో అన్నింటికన్నా విలువైనది అదే.

కాకినాడ_కాజా – ఆదివారం, సాయంత్రం 6:30

ఆలస్యానికి క్షమించండి. పద్మ గారూ, చెరపలేదు. ఆ డబ్బా ఫోటో తీసి, ఎస్టేట్ సేల్ పెట్టిన ఆవిడకు పంపాను, క్యాన్లు ఏమైనా మిగిలాయేమో అని కూడా అడిగాను. క్యాన్లు లేవన్నారు. ఆ రాత వాళ్ల నాన్నదేనట. ఆయన ఎప్పుడూ ఆ పెట్టె తీసి చూపించలేదట, అందులో రైలుందని తెలుసు కానీ నడవగా చూడలేదన్నారు. కూత వినిపించగలరా అని అడిగారు. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని నేల మీద పడుకుని వీడియో తీసింది, రెండు నిమిషాలు. పంపాం. ఇందాకే జవాబొచ్చింది, నాలుగుసార్లు చూశారట. వచ్చే శనివారం కాఫీకి పిలిచాం.

ఈలోగా క్యాన్లు పోస్టులో వచ్చాయి. బోగీ పైకప్పు మూత తీసి ఏడు వేశాం. బటన్ నొక్కితే తలుపులు తెరుచుకుని తెల్ల చొక్కా మనిషి క్యాన్ పట్టుకుని బయటికొచ్చి స్టాండు మీద పెడుతున్నాడు! రెండు సరిగ్గా నిలబడుతున్నాయి. మూడోది ప్రతిసారీ పక్కకు దొర్లి కింద పడుతోంది. శనివారం లోపు సరిచేయాలి. ఏం చూడాలి?

మూడోపట్టా – ఆదివారం, సాయంత్రం 6:55

బటన్ అదిమి పట్టుకోకండి, తట్టి వదిలేయండి. స్టాండును పట్టాకు ఆనేంత దగ్గరగా జరపండి, తలుపు తెరుచుకున్నప్పుడు గీరుకోకుండా ఉంటే చాలు. అప్పటికీ దొర్లితే స్టాండు కాళ్ల కింద పోస్టుకార్డు ముక్క పెట్టి మట్టం చూడండి. కార్పెట్ మీద పరిచారా?

కాకినాడ_కాజా – ఆదివారం, రాత్రి 7:20

అవును, కార్పెటే. కింద ప్లైవుడ్ వేసి చూస్తాను.